తోడు తప్పని రొట్టె

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలు. శాన్ ఫ్రాన్సిస్కో ఇంకా నిద్రలోనే ఉంది. మెలకువగా ఉన్న కొద్దిమందిలో రొట్టెలు కాల్చేవాళ్ళు ఉన్నారు. బేకరీ పని ఏ ఊళ్ళోనైనా రాత్రి పనే. ఊరు లేచేసరికి మొదటి వాయి దిగిపోవాలి, రొట్టెలు బండికెక్కాలి. సరిగ్గా ఆ వేళకే నేల ఊగడం మొదలైంది. నిమిషం గడిచేసరికి పొగగొట్టాలు కూలాయి, గ్యాస్ గొట్టాలు పగిలాయి, వాటితోపాటే నీటి గొట్టాలూ పగిలాయి. అంటుకున్న మంటల్ని ఆర్పడానికి నీళ్ళు లేవు. మూడు రోజులకు పైగా ఊరు తగలబడింది. 28 వేలకు పైగా భవనాలు పోయాయి. మూడు వేల మంది దాకా చనిపోయారని నేటి అంచనా. నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా నిలువ నీడ లేక పార్కుల్లో గుడారాలు వేసుకున్నారు.

ఆ గందరగోళంలో లూయీస్ బోడీన్ అనే బేకరీ యజమానురాలు ఒక చెక్క బకెట్‌ను కాపాడుకున్నారని ఆ కుటుంబం పేరుతో నేటికీ నడుస్తున్న బేకరీ చెబుతుంది. బకెట్‌లో ఉన్నది పులిసిన పిండి. రేపటి రొట్టెకు ఇవాళ దాచిన ముద్ద. ఇది కంపెనీ తన గురించి తాను చెప్పుకునే కథ, దీనికి ఫొటోలు లేవు. అయినా నమ్మబుద్ధేస్తుంది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ బకెట్ విలువ ఏమిటో తెలుసు. బట్టీ కూలితే ఇటుకలు పేర్చి మళ్ళీ కట్టుకోవచ్చు. గోధుమపిండి పోతే మరో బస్తా వస్తుంది. ఆ ముద్ద పోతే మాత్రం రొట్టెకు రుచి పోయినట్టే, అదే రుచి మళ్ళీ కుదురుతుందని హామీ లేదు.

ఆ ముద్దను ఇంగ్లీషువాళ్ళు ‘స్టార్టర్’ అంటారు, ‘మదర్’ అని కూడా అంటారు. ఫ్రెంచివాళ్ళు ‘లెవాఁ’ అంటారు. తెలుగులో దీనికి కొత్త మాట వెతకాల్సిన పనిలేదు. పాలలో రాత్రి వేసే నాలుగు చుక్కల మజ్జిగను తెలుగిళ్ళలో ఏమంటారో దీన్నీ అదే అనవచ్చు: తోడు. కొన్ని ప్రాంతాల్లో చేమిరి అంటారు. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడు. ఇవాళ్టి పెరుగు రేపటి పాలకు తోడు. ఏ రోజు గిన్నె అడుగు ఊడ్చేసినా పక్కింటికి వెళ్ళి “పిన్నిగారూ, కాస్త తోడుంటే ఇస్తారా” అని అడగాల్సిందే. సోర్‌డో అని పిలిచే పుల్ల రొట్టె కథంతా ఈ తోడు చుట్టూనే తిరుగుతుంది.

ఈ కథ ఫ్రాన్సులో చెప్పినా, ఇటలీలో చెప్పినా ఇంకా పాతకాలం నుంచి మొదలుపెట్టాలి. అసలు 19వ శతాబ్దం దాకా లోకంలో పొంగిన రొట్టె ఎక్కువగా రెండు దారుల్లోనే తయారయ్యేది. ఒకటి పాత పిండి ముద్దను కొత్త పిండిలో కలపడం. రెండోది బీరు మీద తేలే నురగను తెచ్చి కలపడం. గాల్ దేశస్థులు ఆ నురగ వాడతారనీ, అందుకే వాళ్ళ రొట్టె అంత తేలిగ్గా ఉంటుందనీ రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. మిగతా లోకమంతా తిన్నది పుల్ల రొట్టెనే. అప్పుడు దానికి ప్రత్యేకంగా పేరెందుకు? పేరు అవసరమైంది చాలా తర్వాత, మరో రకం రొట్టె వచ్చి దీన్ని పక్కకు తోశాక. అలా తోసిన తర్వాత కూడా ఒక ఊరు దీన్ని తన గుర్తుగా నిలబెట్టుకుంది. అందుకే శాన్ ఫ్రాన్సిస్కో కథ ముఖ్యం.

1848 జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమాలో, సట్టర్ అనే ఆసామి కోత మిల్లు దగ్గర, కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారు రేణువులు కనిపించాయి. అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కో వెయ్యి మంది అటూ ఇటూగా ఉన్న రేవు పల్లె. అంతకు ముందు ఏడాది దాకా దాని పేరు యెర్బా బ్వేనా. 1849 చివరికల్లా అక్కడి జనం ఇరవై వేలు దాటారు. రేవులో ఓడల్ని దిక్కులేకుండా వదిలేసి నావికులు కూడా కొండలెక్కారు. ఇంతమందికి తిండి ఎక్కడిది? గోధుమపిండి దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి ఓడల్లో వచ్చేది. వచ్చినవాళ్ళలో ఫ్రెంచివాళ్ళున్నారు, ఇటాలియన్లున్నారు, బాస్క్ ప్రాంతం వాళ్ళున్నారు, మెక్సికన్లున్నారు, చైనీయులున్నారు. వీళ్ళలో అందరూ బంగారం తవ్వలేదు. తవ్వేవాళ్ళకు వండిపెట్టడం ఎక్కువ నమ్మకమైన బేరమని గ్రహించినవాళ్ళూ ఉన్నారు.

బర్గండీలోని రొట్టెల వృత్తి కుటుంబం నుంచి వచ్చిన ఇసిడోర్ బోడీన్ అలాంటివాడే. తమ బేకరీ పుట్టింది 1849లో అని ఆ సంస్థ లెక్క. ఫ్రెంచి పద్ధతిలో పొడవాటి, గట్టి పెచ్చు రొట్టె చేయడం అతనికి వచ్చు. అప్పటికే గని శిబిరాల్లో పుల్లపిండి వాడకం ఉంది. ఈ రెండూ కలిసిన చోట పుట్టిన రొట్టె చూడడానికి ఫ్రెంచిది, తింటే మాత్రం పుల్లన. 1896లో లారాబురు సోదరులు బేకరీ పెట్టారు. పరీజియన్ అనే బేకరీ అంతకన్నా పాతది, 1856 నాటిది. ఇటాలియన్ బేకరీలూ వచ్చాయి. ఇసిడోర్ పోయాక భార్య లూయీస్ బేకరీని తానే నడిపారు. భూకంపం తర్వాత పదో అవెన్యూ, గేరీ వీధి మూలలో బట్టీ మళ్ళీ కట్టారు.

ఊళ్ళో పొయ్యిలన్నీ ఆరిన రోజులవి. పొగగొట్టాలు పరీక్షించి సరే అనేదాకా ఇళ్ళలో నిప్పు రాజేయకూడదని అధికారులు నిషేధం పెట్టారు. కుటుంబాలన్నీ వీధుల్లో ఇటుకలు పేర్చుకుని వండుకున్నాయి. అలాంటి సమయంలో బయట నుంచి వచ్చే ఒక్క రొట్టె ఇంటిల్లిపాదికీ ఎంత ఊరటో ఊహించవచ్చు.

గని శిబిరాల వాడకం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కొండల్లో ఒంటరిగా తిరిగేవాడికి దుకాణం లేదు, పొరుగిల్లు లేదు. అతని దగ్గరున్నది ఒక గుడ్డ సంచీ, అందులో పిండి, ఆ పిండి మధ్య ఓ పులిసిన ముద్ద. 1896 ఆగస్టులో కెనడా ఉత్తరాన క్లోండైక్ ప్రాంతంలో బంగారం పడిందన్న కబురును 1897 జూలైలో ఎక్సెల్సియర్ అనే ఓడ మోసుకొచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో రేవుకే. మళ్ళీ జనం కదిలారు, ఈసారి మంచులోకి. ఏడాదికి సరిపడా సరుకులు చూపిస్తే తప్ప సరిహద్దు దగ్గర కెనడా పోలీసులు లోపలికి వదిలేవారు కాదు. ఆ మూటల్లో పెద్ద బరువు గోధుమపిండిదే. గడ్డకట్టే చలిలో తోడు చచ్చిపోకుండా దాన్ని చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని తిరిగేవారనీ, రాత్రి దుప్పట్లో పక్కనే పెట్టుకుని పడుకునేవారనీ చెబుతారు. చివరికి మనిషికే ఆ పేరు వచ్చింది. ఉత్తరాది చలికాలం ఒకటి పూర్తిగా గడిపిన పాతకాపును ‘సోర్‌డో’ అనేవారు. కొత్తగా దిగినవాడు ‘చీచాకో’. రాబర్ట్ సర్వీస్ 1907లో అచ్చువేసిన తన మొదటి కవితల పుస్తకానికి పెట్టుకున్న పేరు ‘సాంగ్స్ ఆఫ్ ఎ సోర్‌డో’. శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు ఫార్టీనైనర్స్ పేరు 1849 నాటి బంగారు వలసది. ఆ జట్టు మైదానంలో తిప్పే బొమ్మ మనిషి పేరు సోర్‌డో సామ్.

ఈలోగా తూర్పున మరో విప్లవం వచ్చింది. పులియడం అంటే సూక్ష్మజీవులు చేసే పని అని లూయీ పాశ్చర్ 1850ల చివర్లో తేల్చాక, ఆ జీవిని విడిగా పెంచి అమ్మే తోవ దొరికింది. చార్లెస్ ఫ్లైష్‌మన్ 1868లో సిన్సినాటీలో గట్టి ఈస్ట్ దిమ్మల వ్యాపారం మొదలుపెట్టాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అతను నడిపిన వియన్నా బేకరీ ముందు జనం బారులు తీరారు. కారణం తేలికే. తోడుతో ఒక రోజు పట్టే పని ఈ ఈస్ట్‌తో రెండు మూడు గంటల్లో అవుతుంది. రొట్టె మెత్తగా వస్తుంది, పులుపు ఉండదు, ఏ రోజు చేసినా ఒకేలా ఉంటుంది. రోజూ తోడును సాకే బాధ లేదు. కొన్ని దశాబ్దాల్లో అమెరికా రొట్టె రుచే మారిపోయింది. అది చెడ్డ మార్పని అనడం అన్యాయం. రాత్రంతా మేలుకునే ఎందరో పనివాళ్ళకు దానివల్ల నాలుగు గంటల నిద్ర దొరికింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం కొన్ని బేకరీలు పాతదారి వదల్లేదు. ఆ పాతదారి ఎంత పనో దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు.

తోడుకు రోజూ ‘మేత’ వేయాలి. నిన్నటి ముద్దలో కొంత తీసుకుని, దానికి దాదాపు సమానంగా కొత్త పిండి, సరిపడా నీళ్ళు పోసి గట్టిగా పిసికి పక్కన పెడతారు. ఏడెనిమిది గంటల్లో అది ఉబ్బి, లోపల జల్లెడలా బుడగలు పడి, ఘాటైన వాసన వేస్తుంది. అందులో కొంత తీసి ఆ వాయి రొట్టెలకు వాడతారు. మిగిలినదానికి మళ్ళీ మేత. శాన్ ఫ్రాన్సిస్కో పాత బేకరీల్లో ఇది ఎనిమిది గంటలకోసారి, వారానికి ఏడు రోజులూ జరిగేదని తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు నమోదు చేశారు. పండగని లేదు, ఆదివారమని లేదు. రొట్టె ముద్దలో ఈ తోడు పాలు తక్కువే, నూరు పాళ్ళ పిండికి సుమారు ఇరవై. చేతిలోకి తీసుకుంటే ఆ ముద్ద పట్టులా సాగుతుంది, అరచేతిని వదలదు. దాన్ని చుట్టి, గుడ్డ మీద పడుకోబెట్టి, మరో ఆరు నుంచి ఎనిమిది గంటలు వెచ్చని గదిలో ఉంచుతారు. బట్టీలోకి తోసే ముందు సన్నటి బ్లేడుతో ఏటవాలుగా గాట్లు పెడతారు. ఆ గాటు దగ్గరే రొట్టె విచ్చుకుని చెవిలా లేస్తుంది. ఆవిరి నింపిన బట్టీలో ముప్పావు గంటకు పైగా కాలాక బయటికి తీసి బల్ల మీద పెడితే, చల్లారేకొద్దీ పెచ్చు చిటపటమని పగుళ్ళు తీస్తుంది. రొట్టె పాడుతోందని బేకరీవాళ్ళు మురిసిపోయేది ఈ చప్పుడు వినే.

కొరికితే ముందు పంటి కింద కరకర, తర్వాత సాగే మెత్తదనం, ఆ తర్వాత నాలుక పక్కల నుంచి పైకి పాకే పులుపు. ఆ పులుపులో రెండు రకాలున్నాయి. ఒకటి పెరుగులో ఉండే మెత్తటి పులుపు. రెండోది వెనిగర్‌లో ఉండే సూది పులుపు. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పులిసినప్పుడు మూత తీయగానే ముక్కుకు తగిలేది మొదటి పులుపు వాసనే. దానికి దీనికి చుట్టరికం ఉత్తమాట కాదు. ఇడ్లీ పిండిని పొంగించే ల్యూకొనోస్టాక్ బ్యాక్టీరియా, ఈ రొట్టెను పులియబెట్టే బ్యాక్టీరియా రెండూ ఒకే పెద్ద కుటుంబానివి. కాకపోతే ఇడ్లీ పిండికి తోడు అక్కర్లేదు, మినపప్పే తనతోపాటు దాన్ని తెచ్చుకుంటుంది. ఎప్పటికీ ఖాళీ కాని కుండకు తెలుగునాట అసలైన ఉదాహరణ తరవాణి. గంజీ, అన్నం వేసి పులియబెట్టే ఆ కుండను పూర్తిగా వంచేసేవారు కారు. తీసినంత మళ్ళీ పోస్తూ రోజుల తరబడి నడిపేవారు. మర్నాడు పొద్దున చద్దెన్నంలోకి ఆ పుల్లటి నీళ్ళే కడుపుకు చలవ. కుండ కడిగేస్తే పులుపు మళ్ళీ మొదటి నుంచి రావాలని ఆ ఇల్లాళ్ళకు తెలుసు. లూయీస్ బోడీన్ చేతిలో బకెట్‌ను చూస్తే వాళ్ళకు ఏ వివరణా అవసరమయ్యేది కాదు.

ఇంతకీ ఈ పులుపు ఆ ఊరికే ఎందుకొచ్చింది? ఊళ్ళో అందరి దగ్గరా ఒకటే జవాబు: పొగమంచు. పసిఫిక్ నుంచి బంగారు ద్వారం (గోల్డెన్ గేట్) జలసంధి గుండా లోపలికి దూసుకొచ్చే ఆ చల్లటి తెల్లటి గాలిలో ఏదో ఉందన్నారు. ఇదే తోడును మరో ఊరికి పట్టుకెళ్తే కొన్నాళ్ళకే రుచి మారిపోతుందన్నారు. ఎన్నో ఏళ్ళు ఈ నమ్మకాన్ని ఎవరూ పరీక్షించలేదు.

పరీక్షించింది శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి గట్టున, ఆల్బనీలో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల. టి.ఎఫ్. సుగిహారా, లియో క్లైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఊళ్ళోని ఐదు బేకరీల నుంచి తోడు తెచ్చుకున్నారు. అందులో ఈస్ట్ ఉంది. అయితే అది దుకాణాల్లో అమ్మే ఈస్ట్ కాదు. బ్యాక్టీరియా ఈస్ట్ కన్నా దాదాపు నూరు రెట్లు ఎక్కువగా ఉంది. చిక్కేమిటంటే ఆ బ్యాక్టీరియా ప్రయోగశాలలో పెరగనంది. మామూలుగా వేసే గ్లూకోజు మేత దానికి పట్టలేదు. మాల్టోజ్ అనే మరో చక్కెర పెట్టాక, తాజా ఈస్ట్ సారం కలిపాక అప్పుడు పెరిగింది. 1971లో వాళ్ళు ఫలితాలు అచ్చువేస్తూ, ఇది అంతకు ముందు వర్ణించని జాతి అని, దానికి ఊరి పేరే పెట్టారు: లాక్టోబాసిల్లస్ శాన్ ఫ్రాన్సిస్కో. తర్వాత వ్యాకరణం సరిచేసి శాన్‌ఫ్రాన్సిస్కెన్సిస్ అన్నారు. 2020లో జాతుల పునర్విభజనతో ఇంటిపేరు మారి ఫ్రక్టిలాక్టోబాసిల్లస్ అయింది, ఊరి పేరు మాత్రం ఉండిపోయింది.

మాల్టోజ్ సంగతి వినడానికి చిన్నదిగా ఉన్నా ఈ రొట్టె రహస్యమంతా అక్కడే ఉంది. తడిసిన గోధుమపిండిలో పిండిపదార్థం విరిగి మాల్టోజ్‌గా మారుతుంది. ఆ తోడులోని ఈస్ట్ మాల్టోజ్‌ను ముట్టదు, మిగతా చక్కెరలతో సరిపెట్టుకుంటుంది. బ్యాక్టీరియా మాల్టోజ్‌నే తింటుంది, తింటూ తనకు అక్కర్లేని గ్లూకోజును బయటికి వదులుతుంది. ఆ గ్లూకోజు ఈస్ట్‌కు అందుతుంది. అంటే ఒకే కంచంలో కూర్చున్నా ఒకరి ముద్ద ఒకరు లాక్కోరు. బ్యాక్టీరియా విడిచే ఆమ్లాలతో పిండి విపరీతంగా పుల్లబడుతుంది. పీహెచ్ నాలుగు కిందికి దిగుతుంది. దుకాణం ఈస్ట్‌కు ఆ పులుపులో పని సాగదు, బయటి నుంచి వచ్చిపడే చెడ్డ సూక్ష్మజీవులు అసలే బతకవు. ఈ ఈస్ట్ మాత్రం హాయిగా ఉంటుంది. ఇద్దరూ కలిసి తలుపు గడియ పెట్టుకున్నట్టు. నూరేళ్ళకు పైగా ఏ శీతల పెట్టె, ఏ రసాయనం లేకుండా ఆ ముద్ద పాడవకుండా ఉండడానికి కారణం ఈ కాపురమే.

ఊరు పొంగిపోయింది. తమ రొట్టెకు తమ ఊరి జీవి! కానీ కథ అక్కడ ఆగలేదు. జర్మనీలో రై రొట్టెల తోడును చాలాకాలంగా చదువుతున్నవాళ్ళ దగ్గర మరో పేరుతో ఉన్న బ్యాక్టీరియా ఇదేనని తేలింది. తర్వాత ఇటలీలోనూ కనిపించింది, ఫ్రాన్సులోనూ కనిపించింది. 2021లో నాలుగు ఖండాల నుంచి తెప్పించిన 500 తోడులను పోల్చి చూసిన పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది: తోడు ఏ ఊరిదో చూసి అందులో ఏ జీవులుంటాయో చెప్పడం దాదాపు కుదరదు. పొగమంచు కథకు అక్కడితో చెల్లు.

మరి జీవులు ఎక్కడి నుంచి వస్తాయి? కొంత పిండి నుంచి. ఇంకొంత ఎక్కడి నుంచో 2020లో వచ్చిన మరో అధ్యయనం చూపించింది. వేర్వేరు దేశాల బేకరీ పనివాళ్ళకు ఒకే రకం పిండి ఇచ్చి తోడు తయారు చేయమన్నారు. తర్వాత వాళ్ళందరినీ బెల్జియంలోని సెయింట్ విత్ ఊరికి రప్పించి, వాళ్ళ తోడుతోపాటు వాళ్ళ అరచేతుల మీది సూక్ష్మజీవుల్ని కూడా పరీక్షించారు. మామూలు మనిషి చేతి మీద నామమాత్రంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా, ఏళ్ళ తరబడి పిండి పిసికిన ఆ చేతుల మీద దండిగా ఉంది. చేతుల్లోంచి పిండిలోకి, పిండిలోంచి చేతుల్లోకి రాకపోకలు నడుస్తున్నాయి.

ఇది తెలిశాక శాన్ ఫ్రాన్సిస్కో గొప్ప తగ్గిందని కొందరు బాధపడ్డారు. నిజానికి అది పెరిగింది. ఇన్నాళ్ళూ ఆ ఘనత గాలికి పోయింది. బర్గండీ నుంచి, బాస్క్ కొండల నుంచి, ఇటలీ నుంచి వచ్చి అర్ధరాత్రి లేచి పిండిలో మోచేతుల దాకా ముంచిన పనివాళ్ళకు అది రావాలి. ఎనిమిది గంటలకోసారి మేత, ఆ వేడి, ఆ గట్టిదనం, అంతసేపు ఓపిక — ఆ జీవి ఆ తోడులో రాజ్యమేలడానికి కావలసినవి ఇవి. ఎక్కడైనా బతకగల జీవిని ఈ ఊళ్ళో నూటయాభై ఏళ్ళు వరసగా బతికించింది మనుషుల అలవాటు. ఆ మనుషుల పేర్లలో చాలావరకు ఏ బోర్డు మీదా లేవు.

అలవాటు తెగిన చోట్ల రొట్టే పోయింది. లారాబురు 1976లో మూతపడింది. ఆ రొట్టె తిన్న ముసలివాళ్ళు దాని రుచి గురించి ఇప్పటికీ మాట్లాడతారు. పరీజియన్ 2005లో మూతపడింది. బోడీన్ కుటుంబం చేతి నుంచి బేకరీ 1941లో ఇటలీ నుంచి వచ్చిన స్టీవ్ జిరౌడో చేతికి మారింది. కొన్నది దుకాణమే అయినా దానితోపాటు అందిన అసలు ఆస్తి ఆ తోడే.

తర్వాతి తరం మరో వైపు నుంచి వచ్చింది. 1983లో బర్క్‌లీలో స్టీవ్ సల్లివాన్ ఆక్మీ బ్రెడ్ కంపెనీ తెరిచారు. అంతకు ముందు ఆయన ఆలిస్ వాటర్స్ నడిపే షే పనీస్ రెస్టారెంటులో గిన్నెలు ఎత్తే పనిలో చేరి, అక్కడే రొట్టెలు చేయడం నేర్చుకున్నారు. ద్రాక్షపళ్ళ సాయంతో కొత్త తోడు కట్టుకున్నారు. 2002లో శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో చాడ్ రాబర్ట్‌సన్, ఎలిజబెత్ ప్రూయిట్ దంపతులు టార్టీన్ బేకరీ పెట్టారు. రాబర్ట్‌సన్ తోడును పూర్తిగా పుల్లబడక ముందే, ఇంకా పాలవాసన వేస్తుండగానే వాడతారు. ఆయన రొట్టెలు సాయంత్రం బట్టీలోంచి దిగేవి, ఆ వేళకు వీధిలో వరస కట్టేవారు. లేత తోడు చెంచాడు నీళ్ళలో వేస్తే తేలాలి, తేలితేనే వాడాలి అని ఆయన 2010 నాటి పుస్తకం నేర్పిన పరీక్ష ఇప్పుడు లోకమంతా ఇళ్ళలో జరుగుతోంది. పాతవాళ్ళు ఈ కొత్త రొట్టెలో పులుపు చాలదంటారు. ఆ మాటలో నిజముంది. మంచి పుల్ల రొట్టె నాలుకను కాస్త గిల్లాలి. అయినా ఈ కొత్తవాళ్ళు లేకపోతే ఆ ఊరి రొట్టె పర్యాటకులు ఫొటో తీసుకునే వస్తువుగా మిగిలిపోయేదేమో.

తినే విషయంలో మాత్రం ఊరు ఎప్పుడూ వెనక్కి తగ్గలేదు. జెనోవా ప్రాంతం నుంచి వచ్చిన చేపలవాళ్ళు దొరికిన చేపా, రొయ్యా, పీతా అన్నీ టమాటా పులుసులో వేసి చొప్పీనో వండేవారు. గిన్నె అడుగున మిగిలిన పులుసును తుడుచుకోవడానికి పుల్ల రొట్టె ముక్క కావాల్సిందే. చలికాలంలో డంజనెస్ పీతలు రేవుకొస్తే, ఉడికించిన పీత, కరిగిన వెన్న, చేత్తో తుంచిన రొట్టె — అంతకు మించి ఏమీ అడగరు. ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర గుండ్రటి రొట్టెను తొలిచి అందులో వేడివేడి క్లామ్ చౌడర్ పోసి ఇస్తారు. సూప్ అయ్యేసరికి గిన్నె గోడలు నానిపోయి ఉంటాయి, వాటిని తుంచుకు తినడమే అందులో అసలు రుచి. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల అల్పాహారంలోకీ ఇది చేరింది. పెచ్చు గట్టిదని పిల్లల తాతమ్మలు మొదట పక్కన పెట్టినా, పులుపు మాత్రం వాళ్ళకు కొత్త కాదు.

2020 వసంతంలో కరోనా భయంతో లోకం తలుపులు వేసుకున్నప్పుడు అమెరికా దుకాణాల్లో ఈస్ట్ పొట్లాలు దొరకలేదు. నూటయాభై ఏళ్ళ కింద ఫ్లైష్‌మన్ తప్పించిన పని జనం మళ్ళీ నెత్తిన వేసుకున్నారు. సీసాలో పిండీ నీళ్ళూ కలిపి, పొద్దున్నే మూత తీసి బుడగలొచ్చాయా అని చూసుకున్నారు, తమ తోడుకు పేర్లు పెట్టుకున్నారు. పొంగినదాంట్లో కొంత గాజు సీసాలో వేసి పొరుగువాళ్ళ గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు.

తోడును పంచిపెట్టే పనిని అంతకు చాలా ముందు నుంచే చేస్తూ వచ్చిన మనిషి ఒకరున్నారు. కార్ల్ గ్రిఫిత్ వాళ్ళ ముత్తవ్వ 1847లో మిస్సోరీ నుంచి ఓరెగన్‌కు బండ్ల మీద వలసపోతూ వెంట తెచ్చుకున్న తోడు అది. గ్రిఫిత్ చిన్నతనంలో పశువుల మందల వెంట తిరిగే శిబిరంలో దానితో రొట్టె చేయడం నేర్చుకున్నారు. సైన్యం నుంచి రిటైరయ్యాక, అడిగినవాళ్ళకల్లా ఉచితంగా పంపేవారు. 2000లో ఆయన పోయారు. ఆ పనిని స్నేహితులు అందుకున్నారు. ఎండబెట్టి పొడి చేసిన తోడు ఒక్క చెంచా, చిన్న పొట్లంలో. తీసుకునేవాళ్ళు చేయాల్సిందల్లా సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పంపడమే. కవరు అందుకున్నవాళ్ళు ఆ పొడిని గోరువెచ్చటి నీళ్ళలో నానేస్తారు, ఓ చెంచా పిండి కలుపుతారు, గిన్నె మీద గుడ్డ కప్పి వెచ్చటి మూలన పెడతారు. మొదటి రోజు ఏమీ కనిపించకపోవచ్చు. రెండో రోజుకో మూడో రోజుకో అంచు దగ్గర ఒక బుడగ లేచి పగులుతుంది, దాని పక్కనే ఇంకొకటి.